ఖాళీ షెడ్డుకు ఇరవై నాలుగు రోజుల ఆకు

వదిన ఫోన్ చేసి పట్టుగూళ్ళు దించే టైము దగ్గరపడింది, ఒకసారి రమ్మన్నప్పుడు నాకు సంతోషమే వేసింది. మా అన్న మునిరత్నంది గుడుపల్లె దగ్గర ఒక పల్లె. మూడేళ్ళుగా కార్తీకం దాటి ముసురు పట్టిందంటే చాలు, మనిషి మంచం దిగడు, తిండి సయించదు, ఎవరితోనూ మాట్లాడడు. శివరాత్రి వెళ్ళి ఎండ ముదిరేసరికి మళ్ళీ మామూలే. డాక్టరు మాటెత్తితే, తనకేమన్నా పిచ్చా అని లేచిపోతాడు. అలాంటివాడు ఈ చలిలో పట్టుపురుగులు పెంచుతున్నాడంటే కాస్త కుదురుకున్నట్టే అనుకున్నాను. గూళ్ళు మా మదనపల్లె మార్కెట్టుకు వేసుకొచ్చే వంకతో అన్నను కూడా తీసుకొచ్చి, డాక్టరుకు చూపించాలన్నది నా ఎత్తు.

ఉదయం ఆరుంబావుకు మదనపల్లెలో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు, రద్దీ ఎక్కువ కాబట్టి, సీటు కావాలంటే పావుగంట ముందే వెళ్ళండి. కుప్పానికి నేరుగా దొరక్కపోతే పలమనేరులో మారొచ్చు. పుంగనూరులో బస్సు ఆగితే దిగి నాలుగిడ్లీలు తిన్నాను, నలభై రూపాయలు. ఈ చలికి పిండి పులవడం లేదని ఇడ్లీలు పెట్టే ఆమె ముందే చెప్పేసింది. చెప్పకపోయినా పంటికి తెలిసేదే. పదిన్నరకు కుప్పంలో దిగి, రెండొందల యాభైకి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు మా అన్న ఊరివాడే.

"మీ అన్నకు ఈసారి పురుగు బాగా పట్టినట్టుండాదమ్మా. మీ వదిన పొద్దున రెండు మోపులు, సాయంత్రం రెండు మోపులు ఆకు కోస్తాండాది," అన్నాడు. నేను గొప్పగా నవ్వాను.

పట్టుపురుగులు పెంచే మా ఇళ్ళలో ఒక కట్టడి ఉంది. షెడ్డులోకి ఒక్కరే పోవాలి. ఇంకో మనిషి బయటి కాళ్ళతో వెళితే పురుగుకు తెగులు తగులుతుందని భయం. అన్న పురుగుల్ని తెల్లారకముందే బండి మీద తెచ్చి లోపల పెట్టేశానని చెప్పి, పడక కూడా షెడ్డులోకే మార్చుకున్నాడని, ఇల్లు చేరాక వదిన చెప్పింది. వదిన మల్బరీ కొమ్మలు, అన్నం గిన్నె గుమ్మం దగ్గర పెట్టి వచ్చేస్తోంది. ఇరవై నాలుగు రోజులుగా ఇదే పని. చలికి పురుగు మెల్లగా ఎదుగుతోందని అన్న చెప్పాడు, ఈమె నమ్మింది.

నేను తలుపు దాకా వెళ్ళి నిలబడ్డాను. ఎదిగిన పురుగులు ఆకు తింటుంటే రేకుల మీద జల్లు పడుతున్నట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వింటూ పెరిగినదాన్ని. లోపల చీమ చిటుక్కుమనడం లేదు. పిలిచాను, పలకలేదు. తలుపు తీయకపోతే రేకు ఊడబీకుతానని అరిచాక గడియ కదిలింది.

లోపలికి అడుగుపెట్టాను. అరలన్నీ ఖాళీ. ఒక్క పురుగు లేదు. గోడ పొడవునా నా భుజం ఎత్తున ఎండిన ఆకు పోగులు, మధ్యలో ఒక దుప్పటి. గడ్డం పెరిగి, కళ్ళు గుంటలు పడి ఉన్న ఆ మనిషి మా అన్నేనా అనిపించింది.

"పురుగు తెచ్చేదానికి పోలేకపోయినా పాపా. తెచ్చినానని చెప్పేసినా. ఆ యమ్మ ఆకు తెస్తాంటే, వద్దని చెప్పేదానికి నోరు రాలా."

నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టాను, ఏడ్చాను, ఇప్పుడే డాక్టరు దగ్గరికి నడవమన్నాను. రానంటే రానన్నాడు. వదిన మాత్రం లోపలికొచ్చి ఆ ఆకు పోగుల మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి సుత్తి, స్క్రూడ్రైవరు తెచ్చి, తలుపు లోపలి గడియను ఊడదీయడం మొదలుపెట్టింది.

"డాక్టరు దగ్గరికి వస్తావో రావో నీ ఇష్టమప్పా," అంది తలెత్తకుండా. "ఈడ గడియ మాత్రం ఉండదు. పురుగు ఉన్నా లేకున్నా నేను లోపలికొస్తా."

అన్న అడ్డుకోలేదు. గడియ ఊడి కింద పడేదాకా చూసి, తలుపు పక్కనే కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం వదిన సంకటి అక్కడికే తెచ్చి ఎదురుగా కూర్చుంటే, రెండు ముద్దలు తిన్నాడు.

నేను రెండు రోజులుండి ఒంటరిగానే తిరిగొచ్చాను. మదనపల్లెలో డాక్టరును కలిస్తే, మనిషి రానన్నా ఇంటివాళ్ళు ముందుగా వచ్చి మాట్లాడొచ్చని చెప్పాడు. ఈ ముక్క మూడేళ్ళ కిందట ఎవరినైనా అడగాలని నాకు తోచలేదు. వచ్చే సోమవారం వదిన వస్తోంది. అన్న ఇంకా ఒప్పుకోలేదు. నాకు ఆ ఆకు పోగులు ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

ఇలాంటి మనిషిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా: తిరుగు బస్సు టైము మనసులో పెట్టుకుని వెళ్ళకండి. కుప్పంలో మూడున్నర బస్సు అందుకోవాలని, గుమ్మంలో నిలబడే "బాగుండావా అన్నా?" అని అడిగి, "బాగుండా" అంటే నమ్మి, మూడు చలికాలాలు నేను వెనక్కి వచ్చేశాను.