మడ అడవికి డబ్బిచ్చినాయన

అరవైల చివర్లో నేను బాపట్లలో కాలేజీ లెక్చరర్ని. రేపల్లె దిగువన, కృష్ణ సముద్రంలో కలిసేచోట, మడ అడవుల్లో బతికే పీతల మీద పరిశోధన చెయ్యాలని నా కోరిక. పడవకయ్యే ఖర్చు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. తెనాలిలో ఒక రైస్ మిల్లు యజమాని మాత్రం అడగ్గానే ఇచ్చారు.

అడవినుంచి తిరిగొచ్చినప్పుడల్లా వెళ్ళి ఆయన్ని కలిసేవాణ్ణి. పీతల కబుర్లన్నీ కళ్ళు మూసుకుని వినేవారు. చివర్లో గొంతు తగ్గించి, "ఇంకేం కనపళ్ళేదా మాస్టారూ?" అనేవారు.

ఆ మాటకి అర్థం ఒకనాడు మా పడవ నడిపే పెద్దాయన చెప్పాడు. "ఆయనగారబ్బాయి షికారుకొచ్చి ఈ పాయలోనే పోయాడండి. పడవ తిరగబడింది. శవం కూడా దొరకలేదు."

అప్పట్నుంచి మడచెట్ల వేళ్ళ మధ్య తెల్లగా ఏది కనిపించినా పడవ ఆపించి దగ్గరికెళ్ళి చూసేవాణ్ణి.

కొన్నేళ్ళకి నా పని ముగిసింది. ఆ సంగతే వెళ్ళి ఆయనకి చెప్పాను.

"అక్కడ చూడాల్సిందింకేం లేదా బాబూ?" అన్నారు.

"ఉందండి," అన్నాను. "చాలా ఉంది."

మళ్ళీ పడవెక్కాను. ఆ ఏడాదంతా తిరిగాను గాని, ఒక్క పీతనైనా పట్టలేదు.