గోలీ నిలిచేదాకా

నా చిన్నప్పుడు నాన్నంటే నాకు గోడమీద ఫొటో. నేను చంటిపిల్లగా ఉండగా దుబాయ్ వెళ్ళిన మనిషి, నాకు ఐదేళ్ళు నిండేక సెలవుకి వచ్చేరు. అమ్మా నేనూ అప్పుడు కొత్తపేటలో తాతయ్యగారింట్లో ఉండేవాళ్ళం. ఆ ఫొటో లేచొచ్చి "నాన్నా అను తల్లీ" అని చేతులు చాపితే నేనెందుకంటాను? చాక్లెట్లు పుచ్చుకుని తలుపు వెనక్కి పోయేదాన్ని. పూటకోసారి అడిగేవారు, పాపం. సెలవు రెండు నెలలే. ఈలోగా పిల్ల దగ్గరకి రాకపోతే మళ్ళీ ఏళ్ళు ఆగాలని ఆయన బెంగ.

ఊసుపోక గోధుమ బీరు మొదలెట్టేరు. దుబాయ్‌లో పనివాళ్ళుండే క్యాంపులో ఎవరో చేస్తుంటే చూసేరట. గోధుమలు మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, కాచి, ఈస్టు కలిపి జాడీలో పులియబెట్టేరు. ప్రార్థన జరిగే ఇంట్లో ఈ కంపేమిటని అమ్మమ్మ సణిగింది. మా తాతయ్యకి గోలీసోడా వ్యాపారం. ఆయన నవ్వుకుని పెట్టెడు ఖాళీ సీసాలిచ్చేరు. చిటికెడు పంచదార వేసి, బీరు నింపి, తలకిందులుగా పెట్టాలి. లోపల గ్యాసు పుట్టినకొద్దీ గోలీ మూతికి బిగుసుకుంటుంది.

మా నాన్నకి ఆగడం చేతకాదు. పొద్దున్నే సీసాలెత్తి గోలీ నొక్కి చూసేవారు. తుస్సు. మళ్ళీ పెట్టేసేవారు. మర్నాడూ అదే. చూసి చూసి తాతయ్య అన్నారు, "అల్లుడుగారూ, మీరు నొక్కినప్పుడల్లా లోపల పుట్టిన కాస్తా పోతుందండి. ఊరనివ్వండి."

నాన్న తన చేతిలో సీసాని చూసేరు. తలుపు చాటున ఉన్న నన్ను చూసేరు. "ఆయ్" అన్నారు.

ఆ రోజునుంచి పెట్టె జోలికీ పోలేదు, నా జోలికీ రాలేదు. తాతయ్యగారి సోడాసీసాలు కడుగుతూ నాన్న తన పాటికి తను కూర్చునేవారు. అడగడం మానేసేసరికి నాకు ఉక్రోషం వచ్చింది, చెప్పొద్దూ. ఈయనకి నేనక్కర్లేదా ఏమిటి? మెల్లగా స్తంభం దాకా వచ్చేను. కొన్నాళ్ళకి నీళ్ళతొట్టి పక్కనే చేరి, కడిగిన సీసాలు అందుకుని పెట్టెలో సర్దేదాన్ని.

సెలవు ముగిసే ముందు ఒక సాయంత్రం బీరు సీసా ఒకటి నేనే తీసి నిలబెట్టేను. గోలీ కదల్లేదు. ఆయన గోలీ నొక్కే చెక్క నా చేతిలో పెట్టేరు. బలమంతా పెట్టి నొక్కితే, సీసా కీచుమని అరిచి నురగంతా నా మొహాన కొట్టింది. "నాన్నా" అని గావుకేక పెట్టి ఆయన మెడ పట్టేసుకున్నాను. అన్నాళ్ళు కాచుకున్న బీరు నేలపాలవుతున్నా ఆయన అటు చూడలేదు.

ఇప్పుడు నా మనవరాలు సెలవులకొచ్చి, కొత్తచేసి తలుపు చాటున నిలబడితే, మా కోడలు "నాన్నమ్మ దగ్గరికెళ్ళు" అని తోస్తుంది. తొయ్యకమ్మా అంటాను. ఏ చిక్కుడుకాయలో ముందేసుకుని, పక్కన కాస్త చోటు వదిలి కూర్చుంటాను.