ఉప్పు మీద శేషగిరి గెలుపు

శేషగిరి భోజనానికి కూర్చుని ఉప్పు డబ్బా విదిలిస్తే, అమెరికాలోని పార్సిప్పనీలో పక్క అపార్ట్‌మెంట్ వాళ్లకు దాహం వేసేదట. బీపీ పెరిగిందని, వచ్చే చెకప్‌కి తగ్గకపోతే టాబ్లెట్లు తప్పవని డాక్టర్ భానుశ్రీ చెప్పగానే అతను చేసిన మొదటి పని పింక్ సాల్ట్ కొని, అది ఉప్పే కానట్టు రెట్టింపు చల్లుకోవడం. "రంగు మారితే ఉప్పు కాకుండా పోతుందా అండీ?" అని భార్య గౌరి నవ్వేసరికి పౌరుషం పొడుచుకొచ్చింది. అప్పటినుంచి పప్పులో నిమ్మరసం, మజ్జిగలో అల్లం. ఆఫీస్ నుంచి రాగానే పార్కింగ్ లాట్ చుట్టూ నడక. చేతులు ఎంత జోరుగా ఊపేవాడంటే, ఆగి ఉన్న కార్లు కూడా భయపడి కాస్త పక్కకి జరిగేవి.

చెకప్‌కి ముందురోజు, తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో, స్నేహితుడు రాజీవ్ కొత్త ఆవకాయతో వేడన్నం కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెడుతున్నాడు. "ఏం కాదన్నా, ఒక్క ముద్దే కదా!" అన్నాడు. శేషగిరి చెయ్యి దానంతట అదే ముందుకు సాగింది. అరచేతిలో పడ్డ ముద్ద మీద నెయ్యి మెరిసింది, నోట్లో నీళ్లూరాయి. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఆ ముద్దని తీసుకెళ్లి రాజీవ్ నోట్లోనే కుక్కేశాడు. "నువ్వే తిను తమ్ముడూ, రేపు నాకు పరీక్ష!"

మర్నాడు భానుశ్రీ మిషన్ వంక చూసి, "నార్మల్‌కి వచ్చేసింది. టాబ్లెట్లు అక్కర్లేదు, ఇలాగే కంటిన్యూ చెయ్యండి" అంది. శేషగిరి లేచి గది తలుపు బార్లా తెరిచాడు.

"సరిగ్గా వినపడలేదు డాక్టర్ గారూ, ఇంకొక్కసారి గట్టిగా చెప్పండి!"

బయట కుర్చీలోంచి గౌరి అంది: "నాకు మొదటిసారే వినపడింది గానీ, చెప్పించుకోండి. మళ్లీ వింటాను."