మాస్టారి సైడ్ డ్రమ్ము

ఆ రోజుల్లో నాకు దెయ్యాల మీద నమ్మకం ఉండేది కాదు; అలాగని వాటితో తగువు పెట్టుకునేంత ధైర్యమూ లేదు. తణుకు దగ్గర నేను చదువుకున్న బడిలోనే గేమ్స్ టీచరుగా చేరిన కొత్త. నాకు సైడ్ డ్రమ్ము నేర్పిన బ్యాండు మాస్టారు ఆ వేసవిలోనే పోయారు. (కవాతులో అడుగులు కలపడం ఆయన ఎంత గట్టిగా నేర్పారంటే, ఇప్పటికీ బస్టాండులో ఎవరి పక్కన నడిచినా నా ఎడమ కాలు వాళ్ల ఎడమ కాలిని వెతుక్కుంటుంది. మా ఆయన దీన్ని జబ్బంటారు.) "మాస్టారు లేరు కదమ్మా, ఆగస్టు పదిహేనుకి స్పీకర్లో పాట పెట్టేద్దాం" అన్నారు హెడ్ మేడమ్. ఆయన ప్రాణం పెట్టి నిలబెట్టిన బ్యాండు స్పీకరు పాలవడం తట్టుకోలేక, "నేను చూసుకుంటానండి" అనేశాను.

తీరా చూస్తే పిల్లలెవరూ బ్యాండు గది గుమ్మం దాటడం లేదు. "మాస్టారు లోపలే ఉన్నారండి టీచర్‌గారూ. మనం మాట్లాడితే డ్రమ్ములోంచి పలుకుతున్నారు" అంది ఆయమ్మ, చీపురు బయటే వదిలేసి. నవ్వాను. నవ్వి, ఆవిడనే ముందు వెళ్లమన్నాను. ఆవిడ కదల్లేదు.

ముసురు పట్టిన మధ్యాహ్నం, కరెంటు లేదు. లోపల తడిగోడల వాసన, మేకుకి మాస్టారి విజిల్, బల్ల మీద సైడ్ డ్రమ్ము. "ఎవరూ?" అన్నాను. జ్ర్‌ర్‌మంది డ్రమ్ము. కర్రలు మాత్రం పక్కనే కదలకుండా పడి ఉన్నాయి. "మాస్టారూ, మీరేనాండీ?" మళ్లీ జ్ర్‌ర్. చేతులు కట్టుకుని నిలబడ్డాను (దెయ్యమైనా మాస్టారు మాస్టారే కదా). "నా మీద కోపమాండీ?" అన్న నా కేకకి డ్రమ్ము ఇంకా గట్టిగా పలికింది.

"ఏంటంటున్నారండీ?" అని బయట నుంచి ఆయమ్మ అరిచింది. డ్రమ్ము ఆవిడకీ జవాబిచ్చింది. నాకు భయంలోనే కాస్త ఉక్రోషం వచ్చింది. బతికుండగా ఆయన ఆవిడతో అంత మాట్లాడింది లేదు! డ్రమ్ము ఎత్తి అడుగున చూశాను. అక్కడ చర్మాన్ని ఆనుకుని సన్నటి తీగలుంటాయి. అవి బిగించి ఉంటే, గదిలో ఏ గొంతు లేచినా వణికి మోగుతాయి. అందుకే వాయించడం అయ్యాక పక్కనున్న మీట తిప్పి వాటిని వదులు చేస్తారు. ఆసుపత్రికి వెళ్లిన రోజు మాస్టారు ఆ పని చేయలేదు. సాయంత్రానికి తిరిగొచ్చి వాయించుకుందామనుకున్నారేమో. అది తట్టగానే ఏడుపొచ్చింది.

మీట తిప్పాను. గది మూగబోయింది. ఎందుకో అప్పుడే అసలు భయం వేసింది. "మాస్టారూ, బ్యాండు నేను నడపగలనాండీ?" అని అడిగాను. ఇక పలకదని తెలిసీ చాలాసేపు నిలబడ్డాను. ఆయన ఎవరినీ ఎదురుగా మెచ్చుకున్న మనిషి కాదు. మనం బాగా వాయిస్తే ఏమీ అనకుండా అటు తిరిగేవారు. ఆ లెక్కన ఇదీ సరేనన్నట్టే అనుకుని, డ్రమ్ము తగిలించుకుని బయటికొచ్చి వాయించాను. పిల్లలు ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. ఆగస్టు పదిహేనున స్పీకరుతో పని పడలేదు.

గాలితో మాట్లాడిన ఆనాటి కుర్ర టీచర్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ అడగాల్సిన మాట అడిగింది. ఇన్నేళ్లయ్యాక, బ్యాండు ఎలా నడుపుతున్నానో ఆయన్ని అడిగే ధైర్యం మాత్రం నాకు లేదు.