దొర ముందు పూర్వపక్షం

మా ఊరు గోదావరిలో పోయింది. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు ఏదో పెద్ద వరద వచ్చి ఉంటుందనుకుంటారు. వరద ఏటా వచ్చేది, అరుగుల దాకా వచ్చి పోయేది. దానితో మాకు పేచీ లేదు. ఊరు పోయింది ఒక ఇంగ్లీషు పరీక్షతో. ఆ పరీక్ష రాసింది నేనే. నమ్మకపోతే మానండి.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచిన కొత్త రోజులవి. ఎక్కడ చూసినా కాలవలు తవ్వడం, ఏటిగట్లు పొయ్యడం. రాజోలుకి ఎగువన, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున మా ఊరు కాస్త పల్లంలో ఉండేది. కొత్త గట్టు మాకు ఎటువైపు వస్తుందన్నదే ఆ వేసవంతా మాట. ఏటి ఒడ్డునే పోస్తే ఊరు గట్టుకి లోపల ఉంటుంది, బతుకుతుంది. ఊరి వెనక పొలాల్లోంచి తిన్నగా పోసేస్తే మట్టి తక్కువ పడుతుంది, కూలీ తక్కువ అవుతుంది, ఊరు మాత్రం ఏటి పాలవుతుంది. కొలతల వాళ్ళు వచ్చి రెండు వైపులా మేకులు పాతి వెళ్ళారు. ఒడ్డున ఉన్న మేకులకి మా ఆడవాళ్ళు పసుపు రాసి బొట్టు పెట్టారు. పొలాల్లో ఉన్నవాటి వంక ఎవరూ చూసేవారు కాదు. పశువుల్ని కూడా చుట్టూ తిప్పి తోలుకెళ్ళేవారు.

మా నాన్నగారు తర్కం చదువుకున్నవారు. కొబ్బరితోట, కాస్త మాగాణి తప్ప మాకు ఆస్తి లేదు గానీ, చుట్టుపక్కల ఎక్కడ పండితులు సభ చేసినా ఆయన వచ్చేదాకా మొదలయ్యేది కాదు. వాదన ఎలా చెయ్యాలో నాకు నేర్పింది ఆయనే. ముందు ఎదుటివాడి మాట చెప్పాలి. అది పూర్వపక్షం. దాన్ని బలహీనంగా చెప్పడం ఆయన లెక్కలో దొంగతనం కన్నా నీచం. ఎదుటివాడు తన కోసం తాను చెప్పుకోగలిగినదాని కన్నా గట్టిగా మనమే చెప్పి, అప్పుడు దాన్ని ఖండించి, మన మాట నిలబెట్టాలి. ఆ నిలబెట్టేది సిద్ధాంతం. చిన్నతనంలో నేను పూర్వపక్షం ఏదో తేలిగ్గా చెప్పి తప్పించుకోబోతే, మళ్ళీ సరిగ్గా చెప్పేదాకా అన్నానికి లేవనిచ్చేవారు కాదు. మా అమ్మ విస్తరి వేసి, లోపలినుంచి ఆయన్ని తిట్టుకుంటూ కూర్చునేది.

ఇంగ్లీషు మాత్రం మరొకరి దగ్గర నేర్చుకున్నాను. బెండమూర్లంకలో తెల్లవాళ్ళు వ్యాపారం చేసిన కాలంలో దుబాసీగా ఉండి, ముసలితనంలో అమలాపురం చేరిన ఒక పెద్దాయన దగ్గర. మహా ముక్కోపి. మాటలు నేర్పారు, దస్తూరీ దిద్దించారు, దొర ఎదుట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా నేర్పారు. వాళ్ళు ఒకరితో ఒకరు ఎలా వాదించుకుంటారో మాత్రం చెప్పలేదు. ఆయనకి ఆ అవసరం ఎప్పుడూ పడి ఉండదు.

తాలూకా కచేరీలో ఇంగ్లీషు తెలిసిన గుమాస్తా కావాలని, పరీక్ష పెడతారని కబురు వచ్చింది. వెళ్ళినవాళ్ళం కొద్దిమందిమే. పరీక్ష పెట్టిన దొర కుర్రవాడు. గట్ల పని చూడడానికి వచ్చి, ఎండకి ముఖమంతా కమిలిపోయి ఉన్నాడు. బల్ల మీద గడియారం తెరిచి పెట్టి, మేం రాయవలసిన విషయం చదివాడు. పల్లపు ఊళ్ళ దగ్గర ఏటిగట్టు ఒడ్డున పొయ్యాలా, ఊరి వెనక పొయ్యాలా? ఒక పక్షం పట్టుకుని, చదివేవాడు ఒప్పుకునేలా రాయండి అన్నాడు.

మా ఊరి అర్జీలు ఒక్కటీ బంట్రోతుని దాటి లోపలికి వెళ్ళలేదు. అలాంటిది దొర తనంతట తానే కూర్చోబెట్టి చెప్పమంటున్నాడు. ఉద్యోగం సంగతి మరిచిపోయాను. ఊరు గట్టెక్కినట్టే అనుకుని కలం అందుకున్నాను.

పూర్వపక్షం మొదలుపెట్టాను. ఒడ్డున పోసిన గట్టు నిలవదని రాశాను. ఒక్క ఊరి కోసం గట్టుని వంపు తిప్పితే, ఆ వంపు దగ్గర తెగి వెనకున్న ఊళ్ళన్నీ మునుగుతాయని రాశాను. మట్టిగోడలు, తాటాకు కప్పులు కనక ఇళ్ళు మెరక మీద మళ్ళీ కట్టుకోవచ్చనీ, ఇప్పుడు ఏడ్చేవాళ్ళ పిల్లలే రేపు సర్కారుకి దణ్ణం పెడతారనీ రాశాను. ఒక్కొక్క మాట రాస్తున్నప్పుడే దాన్ని ఎక్కడ విరగ్గొట్టాలో నాకు తెలుసు. మా ఒడ్డున అడుగున ఉన్నది గట్టి బంకమన్ను, ఏరు కోసేది అవతలి ఒడ్డుని. అది పడవవాళ్ళందరికీ తెలుసు. అన్నిటికన్నా పెద్ద మాట ఆఖరున చెబుదామని దాచుకున్నాను. ఇన్నాళ్ళూ వరద నీరు పొలాల మీద పరుచుకుని పల్చబడేది. ఇకమీదట రెండు గట్ల మధ్య ఇరుక్కుంటే అది అరుగులతో ఆగదు, ఇళ్ళ మీదుగా పోతుంది.

ఇంగ్లీషు నా చేతికి అంత సులువుగా అంతకు ముందెప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. నాన్నగారు వింటే మెచ్చుకుంటారనిపించింది. ఆ సంబరంలో ఎదుటి పక్షానికి ఇంకో మాట దొరికింది, అదీ పెట్టాను. ఇక ఖండన మొదలుపెడదామని కలం సిరాలో ముంచేసరికి దొర గడియారం మూత మూశాడు. బంట్రోతు నా మోచేతి కింద నుంచి కాగితాలు లాగేసుకున్నాడు. ఇంకా సగం ఉందని నేను అంటూనే ఉన్నాను.

మర్నాడు నన్ను లోపలికి పిలిచారు. ఉద్యోగం నాదేనన్నాడు దొర. అవి నా మాటలు కావని, మా పద్ధతిలో ముందు ఎదుటివాడి మాట చెప్పాలని, అసలు వాదన రాయకుండానే వేళ అయిపోయిందని, వచ్చిన ఇంగ్లీషంతా పెట్టి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. కోప్పడినా బాగుండేది. నవ్వాడు.

“తాను నమ్మని మాటని ఇంత బాగా ఎవరూ రాయలేరు. మీ ఊరివాళ్ళకి భయపడుతున్నావు. నీ పేరు బయటికి రానివ్వనులే,” అన్నాడు.

ఇంటికి వెళ్ళి మిగతా సగం రాసి తెచ్చి ఇచ్చాను. ఊరివాళ్ళు పట్టుబట్టి రాయించి ఉంటారనుకుని, చదవకుండానే అర్జీల కట్టలో పెట్టించాడు. ఆయన మంచివాడే. అందుకే ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఉద్యోగం వచ్చిందని ఊళ్ళో అందరూ సంతోషించారు. దొర దగ్గరే మనవాడు ఉన్నాడు, ఇక భయం లేదన్నారు. నాన్నగారికి చెబుదామని నోరు తెరిచి, ఆయన ముఖంలో సంతోషం చూసి మూసుకున్నాను. కొద్దిరోజులకి కూలీలు వచ్చి మేకులు పీకడం మొదలుపెట్టారు. పసుపు రాసిన మేకులు పీకారు. పొలాల్లోవి అలాగే ఉంచారు. ఒడ్డున పని మొదలవబోతోంది కాబోలు, అందుకే అడ్డం తీస్తున్నారని మావాళ్ళు అనుకున్నారు.

ఆ తర్వాత హుకుం వచ్చింది. దాన్ని తెలుగు చేసి మా ఊళ్ళో చదివి వినిపించే పని దొర నాకే అప్పగించాడు. అది నాకు గౌరవమనుకున్నాడు. రేవు దగ్గర ఊరంతా చేరింది. నాన్నగారిని ముందు కూర్చోబెట్టారు. నేను చదివాను. ఒడ్డున గట్టు నిలవదు. వంపు దగ్గర తెగుతుంది. ఇళ్ళు మెరక మీద మళ్ళీ కట్టుకోవచ్చు. కనక గట్టు ఊరి వెనకే పొయ్యాలి. ప్రతి మాటా నాదే. ఇంగ్లీషులోకి వెళ్ళి దొర దస్తూరీలో తిరిగి వచ్చింది. చదువుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఆడవాళ్ళలో ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. నాన్నగారు చెయ్యెత్తి ఆవిణ్ణి ఊరుకోమన్నారు. సభలో విన్నట్టే కళ్ళు మూసుకుని ఆఖరిదాకా విన్నారు.

“సర్కారువారు పూర్వపక్షం ఎంత నిజాయితీగా చెప్పేరో చూసేరా! ఒక్క మాట దాచలేదు. ఇంత బాగా చెప్పినవాళ్ళు ఖండన ఇంకెంత బాగా చేస్తారో. ఆయ్, ఇంక సిద్ధాంతం చదువు నాయనా,” అన్నారు.

ఆ మాటతో జనానికి ప్రాణం లేచి వచ్చింది. నిలబడినవాళ్ళు కూడా వినడానికి కూర్చున్నారు. నా చేతిలోని కాగితం మీద చదవడానికి దొర సంతకం తప్ప ఇంకేమీ మిగల్లేదు.