బూడిద కడిగిన జొన్నలు

మొగుడు భీమన్న విషజ్వరంతో పోయిన రెండో నెలలో, 1941 తొలకరి పడింది. కొల్లాపూర్ శివారులో మూడెకరాల చేను, కుండెడు జొన్న విత్తనం అమృతమ్మకు మిగిలాయి. ఏడుపు మాత్రం రాలేదు. మొగుడు పోయినదాని చెయ్యి తగిలితే విత్తనం మొలవదని ఊరు తేల్చేసింది. పదిహేనేళ్లుగా ఆ చేను మొలిచింది ఆ చేతి విత్తనంతోనే. అది ఎవరికీ గుర్తు రాలేదు. ఇలాంటివి ఊళ్లకు గుర్తుండవు.

భీమన్నకు అన్నయిన బాలయ్య ఒక పందెం పెట్టాడు. గుప్పెడు జొన్నలు తడిగుడ్డలో కట్టి చూడాలి. మొలకలు సాగితే ఆమే విత్తుకోవచ్చు, లేకుంటే చేను అతనికి వదలాలి. మూడో రోజు మూట విప్పితే గోరంత వేర్లు. అయిదో రోజుకూ గోరంతే.

"సచ్చినయ్. చెప్తే ఇన్నవా?" అన్నాడు బాలయ్య.

"రేపు పొద్దుగాలదాంక ఆగు బావా."

"నేనాగుత. అదను ఆగుతదా?"

ఆమె మూట పట్టుకుని బడిపంతులు గోవర్ధన్ దగ్గరకు నడిచింది. మామిడితోట పాకలో సన్నని తీగలు, కరెంటు కొలిచే సూది ఉన్న పెట్టె పెట్టుకుని చిక్కుడు వేర్లను పరీక్షించే మనిషి అతను. మొక్కల నాడి చూస్తాడని ఊళ్లో నవ్వుకునేవారు.

"పెరిగే వేరు సుట్టూ సన్న కరెంటు తిరుగుతదమ్మా. కొన దిక్కు లోపలికి పోతది, పైన బయటికొస్తది. పెరుగుడు ఆగితే అది గూడ తగ్గుతది," అంటూ మొలకను మూటలోని నీటితోనే గాజుగిన్నెలో ఉంచాడు.

సూది ఒక్కసారిగా చివరికి కొట్టుకుంది.

"ఇంత ఎన్నడూ సూడలే," అన్నాడు గోవర్ధన్, పుస్తకం తెరుస్తూ.

అమృతమ్మ ఆ నీటిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా, కారంగా ఉంది.

"రాసుకోకు సారూ. సూదిని కొట్టింది వేరు గాదు, నీళ్లల్ల బూడిద ఉప్పు."

పురుగు పట్టకుండా విత్తనంలో బూడిద కలపడం ఇంటింటా ఉన్నదే. ఈ ఏడు ఎన్ని దోసిళ్లు పోసిందో ఆమెకే తెలియదు. చేటతో చెరగకుండానే తడిపింది. వేర్లు ఆ బూడిదనీటిలో నాని బిగుసుకుపోయాయి.

మూడు నీళ్లు మార్చి కడిగారు. ఈసారి సూది వెంట్రుకవాసి జరిగింది, జరిగిన చోటే నిలిచింది.

"గింతేనా?"

"పాణమున్న వేరుకు గింతే ఉంటది."

తెల్లారేసరికి మంచినీటిలో ఉంచిన మొలకల్లో పదికి ఆరు అంగుళం మేర సాగాయి. బాలయ్య వంగి చూశాడు, వేలితో ఒకటి లాగి చూశాడు.

"నాలుగు పోయినయ్ గదా?"

"దండిగ పోస్త. గొర్రు కట్టు బావా."

కుండలోని విత్తనం చెరిగి, కడిగి, ఆరబెట్టింది. మర్నాడు అతను ఎడ్లను తోలాడు, ఆమె విత్తే గొర్రు వెనక నడుస్తూ గింజలు పోసింది. గట్టు మీద ఎవరో ముఖం తిప్పుకున్నారు. ఆమెకు సంతోషమూ కలగలేదు, కోపమూ రాలేదు. గింజలు మాత్రం పిడికిలి నుంచి సమంగా పడ్డాయి.