చెంచాడు నూనె

హంసలదీవి చుట్టుపక్కల బంధువుల్లో ఎవరికి ఆపరేషనైనా తోడు వెళ్లేది సౌభాగ్యమ్మే. ఆడపడుచు కాన్పుకు ఆవిడే, మరిది కాలు విరిగితే ఆవిడే, పక్కింటివాళ్ల కంటి శుక్లాలకూ ఆవిడే. "వదిన ఉంటే మాకు బెంగ లేదు" అని అందరూ పొగిడేవాళ్లు. పొగడ్తదేముంది, పైసా ఖర్చు లేనిది! అరవై మూడేళ్లొచ్చాయి, మోకాళ్లు పట్టేశాయి, అయినా ఎవరూ ఆవిణ్ణి వదల్లేదు.

ఈసారి మంచం ఎక్కింది సొంత మొగుడు, రిటైరైన మాస్టారు ప్రకాశరావు. పేగు మెలిపడితే బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. కుట్లు బాగానే ఉన్నాయి. మూడో రోజు నుంచి మాత్రం ఆయాసం పట్టుకుంది. వేలికి తగిలించిన మిషన్‌లో ఆక్సిజన్ అంకె తొంభై దాటడం మానేసింది. గుండె చూశారు, రక్తం గడ్డ కట్టిందేమోనని స్కానింగ్ తీశారు, మందులు మార్చారు. ఎక్స్‌రేలో తెల్లటి మచ్చ మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది.

"నోటికేమీ పెట్టలేదు కదమ్మా?" అని డాక్టర్ శశిధర్ రెండుసార్లు అడిగాడు.

"చుక్క మంచినీళ్లు కూడా ఇవ్వలేదండీ."

ఆవిడ అబద్ధమాడలేదు. పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె పొద్దునో చెంచా, సాయంత్రమో చెంచా భర్త నోట్లో పోస్తోంది. కానీ ఆవిడ లెక్కలో అది తిండి కాదు, ప్రార్థన. వాళ్ల ఇళ్లల్లో జబ్బు మనిషికి నుదుట రాసి, నోట్లో వెయ్యడం అత్తగారి నాటి నుంచీ ఉన్నదే. ఆయాసం పెరిగేసరికి భయమేసి మధ్యాహ్నం కూడా మొదలుపెట్టింది.

ఐదో రోజు డాక్టర్ పిలిచి, సాయంత్రానికి తగ్గకపోతే బెజవాడ తీసుకెళ్లి వెంటిలేటర్ మీద పెట్టాల్సి రావచ్చన్నాడు. సౌభాగ్యమ్మ గదిలోకొచ్చి, ఆయన నోట్లో ఇంకో చెంచా పోసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. కళ్లు తెరిచేసరికి ఎనభై ఎనిమిది ఉన్న అంకె ఎనభై మూడుకు దిగుతోంది. నిన్న మధ్యాహ్నమూ ఇంతే. మొన్న సాయంత్రమూ ఇంతే.

ఆవిడ చెంచా పక్కన పెట్టేసింది. చెబితే? ఊరందరికీ ఆసుపత్రి మర్యాదలు నేర్పిన మనిషి మొగుణ్ణి చంపుకుందంటారు. చెప్పకపోతే ఈ మనిషి దక్కడు. సీసా పట్టుకుని నర్సు హిమబిందు దగ్గరికి నడిచింది.

"అమ్మా, నేనిది పోస్తున్నాను. డాక్టరుగారికి చెప్పు."

డాక్టర్ తిట్టలేదు. "ఆపరేషన్లో గొంతులో గొట్టం వేశాం కదమ్మా, మింగడంలో ఇంకా పట్టు రాలేదు. నీళ్లయితే దగ్గొచ్చి బయటపడేది. నూనె చడీచప్పుడూ లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. చెప్పి మంచి పని చేశారు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆవిడకు.

బెజవాడ తీసుకెళ్లారు. గొట్టం పెట్టి ఊపిరితిత్తులు కడిగారు. తొమ్మిది రోజులకి ఆయన నాలుగు ముక్కలు మాట్లాడగలిగాడు. సౌభాగ్యమ్మ ఇక ఆగలేకపోయింది.

"మీకు ఊపిరాడకుండా చేసింది నేనేనండీ. ఆ నూనే."

ప్రకాశరావు రొప్పుతూ అన్నాడు. "తెలుసు సౌభాగ్యం. మొదటిరోజే అడ్డదారిన పోతున్నట్టనిపించింది."

"మరి వద్దనలేదేం? నోరు లేదా మీకు?"

"నీకున్న ధైర్యం ఆ ఒక్క చెంచానే. అదీ వద్దంటే నువ్వేమైపోతావోనని నోరు తెరిచి పోయించుకున్నాను."

ఇన్నేళ్లలో ఎందరి మంచాల పక్కనో కన్నీరు పెట్టకుండా కూర్చున్న మనిషి, ఆ మాటకు ఆయన దుప్పటి పట్టుకుని బావురుమంది. నర్సులు పరుగెత్తుకొచ్చి ముందు మిషన్ వైపు చూశారు. అంకె తొంభై నాలుగు దగ్గరే ఉంది.